ఏడు సెంట్ల కోసం

డెల్మార్ కోల్బీ తన మోటార్ హోమ్‌కి పోసిన డబ్బుతో నెబ్రాస్కాలో వాళ్ళ ఊళ్ళో రెండు ఇళ్ళు వచ్చేవి. నలభై అడుగుల ఇంటిబండి అది. లోపల పడకగది, వంటగది, స్నానాలగది, తోలు కుర్చీలు. మంచానికెదురుగా ఒక టీవీ, కుర్చీలకెదురుగా ఇంకో టీవీ. అవి చాలవన్నట్టు బయట గడ్డిలో కూచుని చూసేందుకు బండి పొట్టలో మూడో టీవీ. దాన్ని కొన్నరోజు డెల్మార్ చెయ్యి వణకలేదు. సంతకం పెట్టి, అమ్మినవాడు ఊరికే ఇచ్చిన టోపీ నెత్తిన పెట్టుకుని దర్జాగా ఇంటికొచ్చాడు. ఆ చెయ్యి వణకడం మొదటిసారి డీజిలు పోయించినప్పుడు మొదలైంది, ఐదేళ్ళయినా తగ్గలేదు.

అతని గురించి చెప్పాలంటే కాటా గురించి చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ధాన్యం గోదాములో కాటా దగ్గర కూచున్నాడు. రైతు లారీ నిండుగా వస్తే ఒకసారి తూచాలి, ఖాళీ అయ్యి పోయేటప్పుడు ఇంకోసారి తూచాలి. ఆ రెంటికీ తేడా చీటీ మీద రాసివ్వాలి. అంతే ఉద్యోగం. మంచి ఉద్యోగమే, తప్పుబట్టేవాళ్ళెవరూ లేరు. రిటైరయ్యాక తూచడానికి మొక్కజొన్న లేకపోయేసరికి మనిషి ఇంటిబండిలో సామాను మీద పడ్డాడు.

బరువు తగ్గితే డీజిలు తగ్గుతుందట. వెర్నాకి వాళ్ళమ్మ ఇచ్చిన ఇనప పెనం ఎనిమిది పౌన్లు తూగింది. దాన్ని ఎవరికో ఇచ్చేసి రేకు పెనం తెచ్చాడు, అందులో గుడ్డు వేస్తే గుడ్డూ పెనమూ విడిపోవు. ఆవిడ కుట్టుమిషను ఇరవై ఎనిమిది పౌన్లు తూగింది. అదీ పోయింది. పింగాణీ పళ్ళేలు పోయి ప్లాస్టిక్ పళ్ళేలొచ్చాయి. డెల్మార్ గోల్ఫు సంచీ నలభై పౌన్లు, పనిముట్ల పెట్టె తొంభై. అవి మాత్రం అవసరమైన సామాన్ల కింద లెక్క.

మొదటి ఏడు అరిజోనాలో కింగ్‌మన్ దగ్గర లారీల బంకులో బండిని కాటా ఎక్కించినప్పుడు ఒక తమాషా జరిగింది. తమాషా అన్నది డెల్మార్ మాట, వెర్నాది కాదు.

"వెర్నా, నువ్వోసారి దిగు" అన్నాడు.

"ఎందుకు?"

"దిగమంటున్నాగా. నువ్వు లేకుండా ఒకసారి, నువ్వుండగా ఒకసారి చూద్దాం."

ఆవిడ దిగి నూనె మరకల సిమెంటు మీద నిలబడింది. తరవాత మళ్ళీ ఎక్కింది. ఆ సాయంత్రం ఎడారిలో పక్క బళ్ళవాళ్ళతో కూచున్నప్పుడు డెల్మార్ అందరికీ చెప్పాడు, మా ఆవిడ నూట అరవై పౌన్లు అని. వాళ్ళందరూ నవ్వారు. వెర్నా కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కాబట్టి.

ఇవన్నీ ఆవిడ ఎందుకు పడిందంటే దానికో కారణం ఉంది. వెర్నా పుట్టింది మిషిగన్‌లో లీలనౌ వైపు, చెర్రీ తోటలో. పంతొమ్మిది ఎకరాలు. మే నెలలో వారం రోజులు ఆ గుట్టంతా తెల్లగా పూస్తుంది. చిన్నప్పుడు ఆ వారంలో బడికి పంపినా వెళ్ళేది కాదు. పెళ్ళి చేసుకుని నెబ్రాస్కా వెళ్ళాక మళ్ళీ ఆ పూత చూడలేదు. గోదాములో సెలవు జనవరిలో ఇచ్చేవాళ్ళు. జనవరిలో తోటకి వెళితే మంచూ పుల్లలూ కనపడేవి. ఇల్లమ్మి బండి కొందామన్నప్పుడు ఆవిడ ఒకటే అడిగింది, ప్రతి మే నెలా పూత వేళకి నన్ను మా తోటకి తీసుకెళ్ళాలి అని. "అదెంత భాగ్యం, బండి ఉన్నదే అందుకు" అన్నాడు డెల్మార్. ఆ మాటకి ఇల్లు అమ్మడానికి ఒప్పుకుంది.

నాలుగు వసంతాలు పోయాయి. ఒక ఏడు న్యూ మెక్సికోలో ఎక్కడో డీజిలు చవకని తొంభై మైళ్ళు పక్కకి తిప్పాడు, అక్కడికి పోతే ఆ బంకు మూసేసి ఉంది. ఒక ఏడు గాలి. ఒక ఏడు కొత్త టైర్లు, వాటితో మైలేజీ ఎక్కువొస్తుందని ఆర్డరు పెట్టి పదకొండు రోజులు కూచోబెట్టాడు. నాలుగో ఏడు చేరేసరికి కొమ్మలకి పచ్చటి కాయలు, బఠాణీలంత. వెర్నా ఒక కాయ కోసి చేతిలో పట్టుకుని, బండి వెనక కట్టి లాక్కొచ్చే చిన్న కారులో కూచుని ఏడ్చింది. డెల్మార్ బయట, ఆ తోట చూసుకునే వెర్నా అక్కగారితో ఆ సీజనులో ఏ రాష్ట్రంలో ఎంతకి పోయించాడో చెబుతున్నాడు.

ఇది అయిదో వసంతం. ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం అక్క లోయిస్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఒసేయ్ వెర్నా, చెబితే బాధపడతావు, చెప్పకపోతే తిడతావు. తోట అమ్మేశానే."

"అమ్మేశావా!"

"ఏం చెయ్యనూ? పుల్ల చెర్రీలకి ఎవడూ పైసా ఇవ్వట్లేదు. బయటి దేశం నుంచి ఎండినవి దిగుతున్నాయి. కొన్నవాడు ఇళ్ళు కట్టుకుంటాడట. ఈ కాపు కోశాక మిషను తెచ్చి చెట్లు వేళ్ళతో పీకేస్తారు. నేను ఊళ్ళో రెండు గదుల ఇల్లు చూసుకున్నా."

వెర్నా క్యాలెండరు తిప్పి మే నెల తీసింది.

"పూత ఎప్పుడక్కా?"

"మొగ్గ తెల్ల ముక్కు చూపిస్తోంది. మే పదో తారీఖుకి విచ్చుకుంటుంది. అటు తరవాత నాలుగు రోజులు, వానొస్తే అదీ లేదు. ఈ ఒక్కసారైనా వస్తావా? ఇంక చూద్దామన్నా ఉండదే."

"వస్తాను."

"నువ్వొస్తావు సరే. నీ కాటా మనిషి రానిస్తాడా?"

ఫోను స్పీకరులోనే ఉంది. డెల్మార్ పక్కనే ఉన్నాడు. తన ఫోనులో ఓక్లహోమా ధరలు చూస్తున్నాడు.

ఆ చలికాలం అరిజోనా ఎడారిలో వాళ్ళ బండి పక్కన ఇంకో ముప్ఫై బళ్ళుండేవి. రోజూ నాలుగింటికి మగవాళ్ళంతా మడతకుర్చీలు గుండ్రంగా వేసుకుని కూచునేవాళ్ళు. ఒకరిది బ్యాంకు ఉద్యోగం, ఒకరిది పళ్ళ డాక్టరు పని, ఒకరికి మూడు పిజ్జా కొట్లు ఉండేవి. సంపాదించినవాళ్ళే అందరూ. వాళ్ళ నోట డీజిలు తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. లారీ డ్రైవర్లకి తగ్గింపు ఇచ్చే కార్డు ఎలా సంపాదించాలి, గంటకి యాభై ఏడు మైళ్ళు దాటకుండా ఎలా తోలాలి, నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి తోలితే ఎనిమిది వందల పౌన్లు ఎలా తగ్గుతాయి. నీళ్ళ ట్యాంకు మాట విన్న దగ్గర్నుంచి దారిలో వెర్నాకి చెయ్యి కడుక్కోవడానికి చుక్క ఉండేది కాదు. సీసాలో నీళ్ళతో పళ్ళు తోముకునేది.

బయల్దేరే ముందు ఆ గుంపులో వెండెల్ అనే పళ్ళ డాక్టరు కొత్త సంగతి తెచ్చాడు.

"ఒరే డెల్, నీ బండి వెనక ఆ చిన్న కారు కట్టి లాగుతున్నావు చూడు, గ్యాలనుకి ముప్పావు మైలు మింగేస్తోందిరా అది!"

"ఊరుకోరా. నిజంగానా?"

"నేను విప్పి చూశాగా. ఏడున్నర వచ్చేది, ఎనిమిదీ పావు వచ్చింది. కారు మా ఆవిడ తోలుకొస్తోంది. దానికీ కాలక్షేపం."

"మరి ఆ కారుకి పెట్రోలో?" అంది వెర్నా, వెనక కుర్చీలోంచి.

అందరూ తిరిగి చూశారు, ప్రార్థన మధ్యలో ఎవరో గట్టిగా తుమ్మినట్టు.

"అది వేరే, వెర్నా. అది డీజిలు కాదుగా" అన్నాడు డెల్మార్.

వెండెల్ తలూపాడు. పళ్ళ డాక్టరు, పదో ఏటనే కూడికలు నేర్చుకుని ఉంటాడు, తలూపాడు. కారు పెట్రోలు వెర్నా కిరాణా డబ్బుల్లోంచి పోతుంది, కాబట్టి అది ఖర్చు కిందికి రాదు. రెండు ఇంజన్లు కాల్చుకుంటూ ఒకదాని మీద ఆదా చేయడం అనే తెలివి ఈ బళ్ళవాళ్ళకే పుట్టాలి.

ఏప్రిల్ ఇరవై ఏడున బయల్దేరారు. వెనక డెల్మార్ ఇంటిబండి, ముందు వెర్నా కారు. కారు ఎలాగూ ముందే పోతోంది కదా అని ఆవిడకి ఇంకో పని అప్పజెప్పాడు. బంకు దగ్గరికి ముందే వెళ్ళి బోర్డు మీద ధర చూడాలి, నలభై అడుగుల బండి తిరగడానికి చోటుందో లేదో చూడాలి, లారీలెన్ని వరసలో ఉన్నాయో చూసి ఫోను చెయ్యాలి. ధర ఫోనులో కనపడుతుంది. కానీ డెల్మార్ ఫోనుని నమ్మడు, వెర్నా కళ్ళని నమ్ముతాడు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడని నమ్మిన విషయం అదొక్కటే.

డీజిలు పోయించుకోవడం కూడా ఒక తంతు. ఆల్బుకర్కీ అవతల ఓ బంకులో లారీల వరసలో దూరాడు, అక్కడే తగ్గింపు కాబట్టి. ట్యాంకు నిండి పంపు టక్కున ఆగింది. డెల్మార్ పోలేదు. నురుగు దిగేదాకా నిలబడి, ఇంకాస్త పోసి, బండి మూలని భుజంతో కుదిపి, మళ్ళీ నురుగు చూసి, మళ్ళీ పోశాడు. వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చాడు.

"ఏం తాతా, నింపుతున్నావా, పాలు పట్టిస్తున్నావా?"

"ఒక్క నిమిషం బాబూ. ఇంకో అర గ్యాలను పడుతుంది."

"నా వెనక నలుగురున్నారు. మేం పొట్టకూటికి తిరుగుతున్నాం, నీలా షికారుకి కాదు. ఆ అర గ్యాలను డబ్బులు నేనిస్తా, ముందు బండి తియ్యి!"

"మీ కుర్రాళ్ళకి ఓపిక లేదు" అన్నాడు డెల్మార్, మూత బిగిస్తూ. అతని మొహంలో సిగ్గన్నది వెతికినా లేదు. సిగ్గంతా అవతల కారులో తల దించుకు కూచున్న వెర్నాకే వచ్చింది.

ఓక్లహోమాలో గాలి తిరిగింది. ఈశాన్యం నుంచి చల్లగా, ఎదురుగా. ఎదురుగాలిలో తోలితే గ్యాలనుకి మైలున్నర పోతుందని డెల్మార్ బండిని పెద్ద దుకాణం ఒకదాని పార్కింగులో పెట్టేశాడు. అలాంటి చోట అద్దె అడగరు. బండి అద్దానికి ఒక గుడ్డ పీలిక కట్టాడు, గాలి ఎటుందో చూడటానికి. ఆ పీలిక వెర్నా కుట్టిన బొంతలోంచి చింపింది. మూడు రోజులు ఆ పీలిక నైరుతికే కొట్టుకుంది. మూడు రోజులూ తారు మీద సామాన్ల తోపుడుబళ్ళు దొర్లుతున్న చప్పుడు వింటూ వెర్నా కిటికీ దగ్గర కూచుంది.

"లారీలన్నీ పోతున్నాయిగా డెల్మార్. ఒక్కటైనా ఆగిందా?"

"వాళ్ళకి వేరే దారి లేదు. మనకి ఉంది."

"మనకేం ఉంది?"

"తీరిక."

ఆ మాట గొప్పగా అన్నాననుకుని కాఫీ తాగాడు.

మే ఎనిమిదో తారీఖుకి మిస్సోరిలో స్ప్రింగ్‌ఫీల్డు దాకా వచ్చారు. మళ్ళీ దుకాణం పార్కింగు. మధ్యాహ్నం లోయిస్ ఫోను.

"దక్షిణం వైపు విచ్చుకుందే. రేపటికి గుట్టంతా అయిపోతుంది. పదమూడున వానా గాలీ అంటున్నారు. ఎక్కడున్నారు?"

"మిస్సోరి అక్కా."

"ఇంకా మిస్సోరినా! మీరు బండిలో వస్తున్నారా, దాన్ని మోసుకొస్తున్నారా?"

వెర్నా ఫోను పెట్టేసి డెల్మార్ ముందు కూచుంది. వేళ్ళ మీద లెక్క చెప్పింది. రోజుకి రెండొందల యాభై మైళ్ళ చొప్పున రేపు పొద్దున్నే బయల్దేరితే పన్నెండు సాయంత్రానికి తోటలో ఉంటారు. వానకి ముందు ఒక పూట దొరుకుతుంది. ఒక్క పూట చాలు.

"రేపు కాదు" అన్నాడు డెల్మార్. "ఇల్లినాయ్, ఇండియానాల్లో నేను డీజిలు కొనను. పన్నుల పేరుతో దోచేస్తారు. ఇక్కడ నిండా పోయించి ఆ రెండూ దాటెయ్యాలి. ఇక్కడ ఒకటి రెండు రోజుల్లో ఏడు సెంట్లు తగ్గుతుందని పందెం కాస్తా."

"మనకెన్ని గ్యాలన్లు పడుతుంది?"

"తొంభై."

"తొంభై గ్యాలన్లకి ఏడు సెంట్లంటే ఎంత?"

"ఆరు డాలర్ల ముప్ఫై సెంట్లు." కాటా దగ్గర చీటీ చదివినట్టు టక్కున చెప్పాడు.

వెర్నా పర్సు తీసి పది డాలర్ల నోటు బల్ల మీద పెట్టింది. "ఇదిగో. చిల్లర ఉంచుకో. పొద్దున్నే పోదాం."

డెల్మార్ మొహం ముడుచుకుపోయింది. "డబ్బు గురించి కాదు వెర్నా. పద్ధతి."

"మరి పూత?"

"వచ్చే ఏడు పూయదా ఏంటి?"

"చెట్లే ఉండవయ్యా! పీకేస్తున్నారని అక్క చెప్పిందిగా, నీ ముందేగా చెప్పింది!"

"ఎప్పుడు చెప్పింది?" అన్నాడతను. నిజంగానే అడిగాడు. వెర్నాకి అరవాలనిపించింది కానీ అరవలేదు. పది డాలర్ల నోటు తీసి పర్సులో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న వెండెల్ దగ్గర్నుంచి కబురొచ్చింది, తూర్పున యాభై మైళ్ళ అవతల ఓ బంకులో ధర పడిందట. డెల్మార్ కళ్ళు మెరిశాయి.

"వెర్నా, వెళ్ళి చూసి ఫోను చెయ్యి. యాభై అయిదు దాటకు, పెట్రోలు తాగుతుంది."

ఆవిడ వెళ్ళింది. బోర్డు దూరం నుంచే కనపడింది. ఏడు సెంట్లు తక్కువ, ఒక సెంటు అటూ ఇటూ లేదు. లారీలు రెండే ఉన్నాయి, తిరగడానికి ఎకరం చోటుంది. ఇప్పుడు చెబితే గంటలో వస్తాడు, పోయించుకుంటాడు, ఇటునుంచి ఇటే పోవచ్చు. పన్నెండు సాయంత్రానికి చేరొచ్చు. వెంటనే ఫోను నొక్కింది.

"డెల్మార్, తగ్గింది! నువ్వన్న ఏడు సెంట్లూ తగ్గింది. వరస కూడా లేదు. వచ్చెయ్."

అవతల కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏడు తగ్గిందా? అంటే తగ్గడం మొదలైందన్నమాట" అన్నాడు డెల్మార్ తీరిగ్గా. "మొదలైందంటే ఇక్కడితో ఆగదు. ఇంకో మూడు రోజులు చూద్దాం."

"ఏమన్నావు?"

"ఇంకా తగ్గుతుంది వెర్నా. నువ్వు వెనక్కొచ్చెయ్. వచ్చేటప్పుడు రొట్టె పట్టుకురా, డబ్బా ఖాళీ అయింది."

వెర్నా సరేనంది. ఫోను పక్క సీటు మీద పెట్టింది. బంకులో తన కారుకి నిండా పోయించింది, నురుగు చూడకుండా. లోపలికెళ్ళి ఒక రొట్టె, జున్ను, పెద్ద కాఫీ కొంది. రోడ్డు మీదికొచ్చేచోట ఎడమకి తిరిగితే పార్కింగు, కుడికి తిరిగితే తూర్పు. వెనక లారీ ఒకటి వచ్చి ఆగింది. ఈసారి దాన్ని హారను కొట్టనివ్వలేదు. కుడికి తిప్పింది.

డెబ్భై మైళ్ళ వేగం ఎలా ఉంటుందో ఆవిడ మరిచిపోయింది. సెయింట్ లూయిస్ దగ్గర నది దాటేటప్పుడు భయమేసింది, అంత పెద్ద వంతెన ఒక్కతే ఎప్పుడూ దాటలేదు. దాటాక అంత భయం లేదు. దారిలో రొట్టె తుంచుకు తింటూ పోయింది. మధ్యాహ్నం ఫోను మోగింది.

"ఏమైంది, రొట్టె దొరకలేదా?"

"దొరికింది. ఇల్లినాయ్‌లో ఉన్నాను డెల్మార్. అక్క దగ్గరికి వెళుతున్నా. వానకి ముందు చూడాలి."

డెబ్భై రెండేళ్ళ ఆడమనిషి, ఒక్కతే, అంత దూరం. జాగ్రత్త అంటాడేమో, కోప్పడతాడేమో, కళ్ళు బాగానే కనపడుతున్నాయా అని అడుగుతాడేమో అనుకుంది. ఏదైనా ఫరవాలేదనుకుంది.

"ఇల్లినాయ్‌లో పెట్రోలు గాని పోయించావా?" అన్నాడు డెల్మార్.

"ఇంకా లేదు."

"పోయించకు! మిషిగన్ దాకా లాగు!"

వెర్నా ఫోను ఆపేసి, కనపడిన మొదటి బంకులో ఆగి నిండా పోయించింది. అవసరం లేకపోయినా పోయించింది. అది మొండితనమే, ఆవిడకీ తెలుసు. ఐదేళ్ళలో ఇంత సుఖంగా డబ్బు ఖర్చుపెట్టింది లేదు.

ఆ సాయంత్రం ఇండియానాలో ఓ చిన్న మోటెల్లో గది తీసుకుంది. స్నానాలతొట్టి నిండా వేడినీళ్ళు పట్టింది. నీళ్ళకి బరువు లేదిక్కడ, ఎవరూ తూచరు. చల్లారేదాకా అందులోనే కూచుంది.

పదో తారీఖు మూడింటికి సట్టన్స్ బే దాటి గుట్ట మలుపు తిరిగింది. తిరిగిన చోటే కారు ఆపేసింది. గుట్ట తెల్లగా ఉంది. కింద నుంచి పైదాకా వరసలు వరసలుగా తెలుపు, ఆ పైన సరస్సు నీలం. నలభై ఆరేళ్ళు మనసులో దాచుకున్నది నిజంగా అంత బాగుండదేమోనని దారంతా భయపడింది. అంతకన్నా బాగుంది. తలుపు తెరిస్తే తేనెటీగల హోరు, ఆ సన్నటి వాసన. వెర్నా కారుకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది, సంతోషంతోనే.

లోయిస్ ట్రాక్టరు దిగి వచ్చింది. డెబ్భై ఆరేళ్ళు, మగవాళ్ళ బూట్లు.

"ఒసేయ్! ఒక్కదానివే వచ్చావా? నీ మొగుడేడే?"

"మిస్సోరిలో ధర చూసుకుంటున్నాడు."

"చూసుకోనీ. రా, అమ్మ నాటిన వరస ముందు చూద్దువు గాని. నడవగలవా?"

"పరిగెడతాను."

రెండున్నర రోజులు వాళ్ళిద్దరూ తోటలోనే ఉన్నారు. అక్కడే తిన్నారు, చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకున్నారు, చిన్నప్పటి తగువులన్నీ మళ్ళీ పడ్డారు. పదమూడున చెప్పినట్టే వానొచ్చింది. పూరేకులన్నీ బురదలో కలిశాయి. వెర్నా వరండాలో నిలబడి అది కూడా చూసింది.

వాన వెలిశాక అక్కాచెల్లెళ్ళు అటక సర్దుతుంటే వాళ్ళమ్మ కుట్టుమిషను దొరికింది. కాలితో తొక్కేది, ఇనప కాళ్ళది. నూనె వేస్తే తిరిగింది. లోయిస్ ఊళ్ళో ఇంటికి తెరలు కావాలంది, వెర్నా కుట్టడానికి కూచుంది. ఆ ఇంటికి రెండు గదులున్నాయని, రెండో గదికి కూడా తెర కావాలని లోయిస్ అంది. వెర్నా కొలత రాసుకుంది.

పద్దెనిమిదో తారీఖున నలభై అడుగుల బండి తోట గేటు ముందు ఆగింది. డెల్మార్ దిగాడు. చెట్లు పచ్చగా ఉన్నాయి, అతను అటు చూడలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"పదకొండు తగ్గింది వెర్నా! నేను చెప్పానా లేదా? ఏడు దగ్గర ఆశపడి ఉంటే నష్టపోయేవాళ్ళం. పైగా గాలి వెనక నుంచి. గ్యాలనుకి ఎనిమిదీ ముప్పావు మైళ్ళు వచ్చింది!"

"కూచో. కాఫీ ఉంది" అంది లోయిస్, చెర్రీ పై కోస్తూ. పోయిన ఏటి చెర్రీలు నింపి కాల్చిన పిండివంట.

డెల్మార్ కూచున్నాడు. వెర్నా ముందున్న మిషను అప్పుడు చూశాడు. చూపు దాని ఇనప కాళ్ళ మీదికి పోయింది.

"అదేంటి? అరవై పౌన్లుంటుంది. బండిలో పెట్టడానికి వీల్లేదు."

"పెట్టక్కర్లేదు" అంది వెర్నా. "అది ఇక్కడే ఉంటుంది. నేనూ ఇక్కడే ఉంటాను, అక్క దగ్గర."

"ఎన్నాళ్ళు?"

"ఉంటాను డెల్మార్. ఇంక ఆ బండి ఎక్కను."

లోయిస్ చేతిలో కత్తి ఆగింది. డెల్మార్ అర్థంకానట్టు చూశాడు.

"నీకు మంచిదేగా" అంది వెర్నా. "నూట అరవై పౌన్లు తగ్గుతాయి. నువ్వే తూచావుగా."

డెల్మార్ కళ్ళు పైకప్పు వైపు పోయాయి. పెదాలు సన్నగా కదిలాయి. గోదాములో చీటీ రాసే ముందు కదిలినట్టే. వెర్నా దారం పట్టుకుని అతని మొహం వైపే చూస్తూ ఉంది. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి, ఇప్పుడైనా ఒక మాట వస్తుందేమోనని ఎదురుచూసింది.

"లేదు వెర్నా" అన్నాడు డెల్మార్ లెక్క పూర్తిచేసి. "నూట అరవైకి మైలేజీలో తేడా ఏమీ రాదు."

వెర్నా సూదిలో దారం ఎక్కించి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.